రెండు చారలు, మూడు చారలు

మే నెల చివరి వారంలో నున్న మామిడి మార్కెట్‌కు చేరేసరికే సగం పొద్దు పోయింది. విజయవాడ పొలిమేర దాటగానే లారీలు, ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు రోడ్డుకు రెండు పక్కలా బారులు తీరి ఉన్నాయి. లోపల షెడ్ల కింద ఎండుగడ్డి పరిచి కాయలు పోశారు. ఒక పక్క బంగినపల్లి, ఒక పక్క కలెక్టరు. తోతాపురిని ఇక్కడ కలెక్టరు కాయ అనే అంటారు. కమీషన్ దుకాణాల ముందు ఆడవాళ్లు గుట్ట చుట్టూ కూర్చుని కాయలు ఏరుతున్నారు. సొన అంటి వాళ్ల వేళ్లు నల్లబడ్డాయి.

వాళ్లలో ఒకావిడ పని చాలాసేపు చూశాను. కాయ చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పుతుంది, బొటనవేలితో ఒకచోట నొక్కుతుంది, ట్రేలో వేస్తుంది. ఒక కాయ దగ్గర చెయ్యి ఆగింది. "పోటు పడిందండీ. ఇది పైకి పోదు, లోకలే" అంది. నాకు చూపించిన చోట గుండుసూది మొనంత మచ్చ ఉంది, దాని చుట్టూ సొన ఎండిపోయి మెరుస్తోంది. చాకుతో కోస్తే తొక్క కింద కండ గోధుమ రంగుకు తిరిగి, తెల్లటి పురుగులు మెసులుతున్నాయి. వాటిలో బాగా ఎదిగిన ఒకటి శరీరాన్ని వంచి బిగబట్టి ఒక్కసారిగా ఎగిరి జానెడు దూరంలో పడింది. పండు ఈగ పురుగుకు ఆ గెంతు పుట్టుకతో వచ్చిన విద్య. కాయలోంచి బయటపడి మట్టిలో దూరి కోశంగా మారాలంటే దానికి ఆ గెంతే ఆధారం.

ఆ పోటు పొడిచిన ఈగ ఏదో తెలుసుకోవాలనే ఈ దారి పట్టాను. పండు మీద వాలే ఈగలన్నీ ఒకటే అనుకుంటాం గానీ, ఆ మార్కెట్‌లోనే రెండు వేరు వేరు కుటుంబాల ఈగలున్నాయి. పక్కన పారేసిన పుచ్చు కాయల కుప్ప మీద ఎర్ర కళ్లతో ముసురుతున్న రెండు మూడు మిల్లీమీటర్ల ఈగలు డ్రోసోఫిలాలు. మన వంటింట్లో మగ్గిన అరటిపండు చుట్టూ తిరిగేవీ అవే. పులిసిన పండు మీదే వాటికి మక్కువ, చెట్టున గట్టిగా ఉన్న మామిడి జోలికి పోలేవు. రైతును ముంచేది టెఫ్రిటిడే కుటుంబానికి చెందిన అసలు పండు ఈగ. ఇంట్లో వాలే ఈగంత ఉంటుంది, ఒంటి మీద పసుపు, నలుపు, ఇటుక రంగు కలిసి చూడటానికి కందిరీగ పిల్ల అనిపిస్తుంది. ఆడ ఈగకు పొట్ట చివర సూది ఉంటుంది. దాంతో పచ్చి తొక్కను పొడిచి లోపల గుడ్లు పెడుతుంది.

ఆ సూది పోటు ఎంత దూరం పాకిందో ఎగుమతిదారులకు బాగా గుర్తు. 2013లో మన దేశం నుంచి యూరప్ వెళ్లిన పండ్లు, కూరగాయల 207 విడతల సరుకుల్లో పురుగులు దొరికాయి. దాంతో 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడినీ, దాంతోపాటు వంకాయ, కాకర, పొట్ల, చేమలనూ ఆపేసింది. సీజన్ మొత్తం పోయాక 2015 మొదట్లో మామిడికి మాత్రం గేటు తెరిచింది. ఇప్పుడు అక్కడికి వెళ్లే కాయ 48 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు మునగాలి. జపాన్‌కు వెళ్లేదైతే 47.5 డిగ్రీల ఆవిరిలో ఇరవై నిమిషాలు ఉడకకుండా వేగాలి. ఇంతా చేసి కాయలో గుడ్డు ఉంటే చంపడానికే.

నున్న నుంచి ఆగిరిపల్లి వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. శోభనాచలం కొండ కనపడేసరికి రోడ్డుకు రెండు వైపులా తోటలు చిక్కబడ్డాయి. కొమ్మలు వంగి కంచె మీద వాలుతున్నాయి, చిక్కాలు పట్టుకున్న కూలీలు నిచ్చెనల మీద ఉన్నారు. నేను దిగాల్సిన తోట ఆగిరిపల్లి దాటాక లోపలికి ఉంది. రైతు పెద్దాయన గట్టు మీదే ఎదురొచ్చారు. "రండి బాబూ, ముందు మజ్జిగ తాగండి, ఈగలు ఎక్కడికీ పోవు" అన్నారు.

ఆయన చెట్లకు ఎర బుట్టలు వేలాడుతున్నాయి. ప్లాస్టిక్ డబ్బాకు నాలుగు కన్నాలు, లోపల ప్లైవుడ్ ముక్క. ఆల్కహాల్ ఆరు పాళ్లు, మిథైల్ యూజినాల్ నాలుగు పాళ్లు, మలాథియాన్ ఒక పాలు కలిపిన మందులో ఆ ముక్కను నానబెట్టి కడతారు. వాసనకు వచ్చిన ఈగ ముక్కను నాకి కింద పడుతుంది. ఒక బుట్ట విప్పి పేపరు మీద గుమ్మరిస్తే గుప్పెడు ఈగలు రాలాయి.

"ఇన్ని చస్తున్నాయి కదండీ, మరి కాయ ఎందుకు పుచ్చుతోంది? మందు కల్తీయా?" అని అడిగారు పెద్దాయన.

కల్తీ లేదు. పేపరు మీద పడ్డవన్నీ మగ ఈగలే. మిథైల్ యూజినాల్ మగవాటినే పిలుస్తుంది. మగవి తగ్గితే ఆడవాటికి జోడీ దొరకదు, పై తరం తగ్గుతుంది. ఒక తోటలో నాలుగు బుట్టలు కట్టి చుట్టుపక్కల తోటలు వదిలేస్తే, అక్కడ జోడీ కట్టిన ఆడ ఈగ గట్టు దాటి వచ్చి ఇక్కడ పొడుస్తుంది. ఊరంతా ఒకేసారి కడితేనే ఫలితం. జపాన్ వాళ్లు ఒకినావా దీవుల్లో ఈ ఎరతోనే మామిడి మీది పండు ఈగను 1986 నాటికి పూర్తిగా తుడిచిపెట్టారు. దీవులు కాబట్టి బయటి నుంచి మళ్లీ వచ్చి స్థిరపడటం కష్టం.

తోట చివర బోరు పక్కన ఆయన కోడలు కాకర పందిరి వేసింది. అక్కడా అదే బుట్ట కట్టారు. కాకర పిందెలు పసుపు పచ్చబడి, వంకర తిరిగి రాలిపోతూనే ఉన్నాయి. బుట్ట నిండా మాత్రం ఈగలు. పందిరి కింద ఆకు మీద కూర్చున్న ఈగను నేను గాజు సీసాలో పట్టాను. పేపరు మీది మామిడి ఈగ పక్కన పెట్టి భూతద్దంలో చూస్తే తేడా అక్కడికక్కడే తేలింది. మామిడి ఈగ వీపు మీద రెండు అంచులా రెండు పసుపు చారలున్నాయి. కాకర ఈగకు ఆ రెంటితోపాటు వీపు నడిమధ్య మూడో చార ఉంది. రెక్కల మీద అడ్డ నరం వెంబడి నల్లటి మసక కూడా ఉంది. ఇది కూరపాదుల ఈగ, జ్యూగోడాకస్ కుకుర్బిటే. దీనికి మిథైల్ యూజినాల్ అక్కర్లేదు, క్యూ ల్యూర్ అనే వేరే ఎర కావాలి. బుట్టలో పడ్డ ఈగలు పక్క మామిడి చెట్ల నుంచి వచ్చినవి. పాదును తింటున్న ఈగ ఒక్కటీ అందులో లేదు.

"అంటే మధ్య గీత ఉంటే కూరగాయలదీ, లేకపోతే పండుదీ అన్నమాట" అంది ఆ అమ్మాయి. పందిరి వరకు ఆ గుర్తు చాలు.

బాపట్లలో ఉండే మా మాస్టారు ముందే ఫోన్ చేసి చెప్పిన ప్రకారం పెద్దాయన నాకోసం ఒక బకెట్టు సిద్ధం చేసి ఉంచారు. అడుగున తడి ఇసుక, దాని మీద పోటు పడిన కాయలు, పైన పల్చటి గుడ్డ. పురుగులు ఇసుకలో దిగి కోశాలయ్యాయి, కోశాల్లోంచి ఈగలు వచ్చాయి. వాటికి పంచదార నీళ్లు పెట్టి నాలుగైదు రోజులు బతికించారు. ఆ బతికించడమే ముఖ్యం. కోశం నుంచి అప్పుడే వచ్చిన ఈగ పాలిపోయి ఉంటుంది, చారలూ మచ్చలూ ఇంకా తేలవు. ఆ రోజే చంపితే ఏ జాతో చెప్పడం కష్టం. పురుగు దశలోనైతే మరీ కష్టం, ఒక జాతి పురుగుకూ పక్క జాతి పురుగుకూ పైకి తేడా దాదాపు తెలియదు. ఎరలో చచ్చినవాటిలో ఆడవి ఉండవు. అందుకని కాయ నుంచి పెంచిన ఈగే అసలైన సాక్ష్యం.

మర్నాడు విజయవాడలో రైలెక్కాను. తెనాలి, నిడుబ్రోలు దాటి బాపట్లలో దిగేసరికి సముద్రపు గాలి తగిలింది. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు. కీటకశాస్త్రం చెప్పి రిటైరైన వాళ్లు ఇక్కడ వీధికొకరు దొరుకుతారు. మా మాస్టారు అలాంటివారే. నన్ను ఇంట్లోకి రానివ్వకుండా ముందు పెరట్లో తులసి కోట దగ్గరికి తీసుకెళ్లారు. ఒక ఆకు అడుగున మగ పండు ఈగ కూర్చుని, మూతి ఆనించి ఆకును నాకుతోంది. మేం దగ్గరికి వెళ్లినా కదల్లేదు.

"తులసిలో మిథైల్ యూజినాల్ ఉంది నాయనా. మనం డబ్బాలో కట్టేదీ అదే" అన్నారు.

ఆ వాసన సంగతి బయటపడింది కూడా మన దేశంలోనే. బీహార్‌లోని పూసాలో 1905లో పెట్టిన వ్యవసాయ పరిశోధన సంస్థలో హౌలెట్ అనే ఇంగ్లీషు కీటక శాస్త్రవేత్త ఉండేవాడు. దోమలు రాకుండా వాడే సిట్రొనెల్లా నూనెకు పండు ఈగలు గుంపుగా రావడం ఆయన గమనించి 1912లో రాశాడు. ఆ నూనెలో వాటిని లాగుతున్నది మిథైల్ యూజినాల్ అని 1915లో తేల్చాడు. ఇవాళ ఆగిరిపల్లి తోటలో వేలాడే ప్రతి డబ్బా వెనుకా పూసాలో జరిగిన ఆ పని ఉంది.

గదిలో స్టీరియో మైక్రోస్కోపు కిటికీ వెలుతురుకు పెట్టి ఉంది. నేను తెచ్చిన ఈగలను మాస్టారు సన్న సూదులకు గుచ్చి వరసగా పెట్టారు. నన్ను కూర్చోబెట్టి, పేరు చెప్పకుండా, ముందు రెక్క చూడమన్నారు.

మొదటి ఈగ రెక్క పై అంచు వెంబడి సన్నటి నల్ల పట్టీ మొదలు నుంచి కొస దాకా తెగకుండా సాగింది. రెండో ఈగ రెక్కకు ఆ పట్టీ మధ్యలోనే ఆగిపోయింది, కొసన మాత్రం విడిగా ఒక నల్ల మచ్చ ఉంది. మూడోదానికీ అంతే, పట్టీ తెగి కొసన మచ్చ. "ఇప్పుడు రెండో దానికీ మూడో దానికీ ముఖం చూడు" అన్నారు. స్పర్శశృంగాల కింద రెండోదాని ముఖం మీద రెండు నల్ల చుక్కలు విడివిడిగా ఉన్నాయి. మూడోదాని ముఖం మీద అవి అడ్డంగా కలిసి ఒక నల్ల గీత అయ్యాయి. తర్వాత వీపు. మొదటిదీ మూడోదీ నల్లగా ఉన్నాయి, రెండోది తుప్పు రంగు, కాస్త చిన్నది కూడా. చివరగా పొట్ట. మొదటిదాని మీద ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో నల్ల గుర్తు స్పష్టంగా ఉంది.

మొదటిది బాక్ట్రోసెరా డోర్సాలిస్. హెండెల్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త తైవాన్ ఈగలను చూసి 1912లో పేరు పెట్టాడు. రెండోది జోనాటా, సాండర్స్ 1842లో వర్ణించాడు. మూడోది కరెక్టా, ఇటలీకి చెందిన బెజ్జి 1916లో వర్ణించాడు. మూడూ మన మామిడి, జామ తోటల్లో కలిసే తిరుగుతాయి, మూడింటి మగవీ ఒకే ఎరకు వస్తాయి. ఆగిరిపల్లి పెద్దాయన పేపరు మీద గుమ్మరించిన గుప్పెడులో మూడూ ఉన్నాయని మాస్టారు ఏరి చూపించారు. రైతుకు అవన్నీ ఒకే ఈగ.

"ఎన్ని గుర్తులు చూశావు?" అని అడిగారు. నాలుగు అన్నాను. "ఒక్క గుర్తుతో పేరు పెట్టకు. డోర్సాలిస్ వీపు ఒక్కోసారి నల్లగా కాకుండా గోధుమ రంగులో వస్తుంది. వీపు రంగు చూసి జోనాటా అనేవాడు రెక్క చూస్తే నాలుక కరుచుకుంటాడు. రెక్క, ముఖం, వీపు, పొట్ట నాలుగూ ఒకే మాట చెప్పాలి."

ఆడ ఈగ వంతు వచ్చింది. పొట్ట భాగాన్ని విడదీసి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి మెత్తటి కండరాలను కరిగించారు. మిగిలిన గట్టి పెంకును గ్లిజరిన్ చుక్కలో పెట్టి సూదితో మెల్లగా లాగితే గుడ్లు పెట్టే అవయవం మడత గొడుగు కాడలా ఒకదాంట్లోంచి ఒకటి బయటికి వచ్చింది. ముందు బయటి గొట్టం, దాంట్లోంచి గరుకు పొర, అన్నిటికన్నా చివర గోధుమ రంగు సూది. మామిడి తొక్కను పొడిచేది ఆ చివరి ముక్కే, పొడవు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. అద్దాల్లోంచి చూస్తే దాని మొన పదును కళ్లకు గుచ్చుకుంది.

ఈ సూది పొడవు మీద ఒకప్పుడు పెద్ద కథ నడిచింది. డ్రూ, హాంకాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1994లో డోర్సాలిస్‌ను పోలిన ఆసియా ఈగలను పట్టి పట్టి చూసి, ఆ గుంపులో 50కి పైగా జాతులున్నాయని లెక్క తేల్చారు. సూది కాస్త పొడవున్న మలేషియా వైపు ఈగకు పపాయే అనీ, ఫిలిప్పీన్స్ ఈగకు ఫిలిప్పినెన్సిస్ అనీ పేర్లు పెట్టారు. 2003లో కెన్యాలో ఒక కొత్త పండు ఈగ కనపడి ఆఫ్రికాను చుట్టబెట్టింది. 2005లో దానికి ఇన్వాడెన్స్ అని పేరు పెట్టారు. ప్రతి పేరు వెంటా ఒక నిషేధం, ఒక ఆంక్షల జాబితా, ఒక పరీక్ష పుట్టుకొచ్చాయి. ఒక జాతి ఉన్న దేశం నుంచి కాయను ఆ జాతి లేని దేశం ఎందుకు రానిస్తుంది?

తర్వాత శాస్త్రవేత్తలు థాయ్‌లాండ్ ద్వీపకల్పం పొడవునా ఈగలు పట్టి సూదులు కొలిచారు. ఉత్తరాన పొట్టి, దక్షిణాన పొడవు అని రెండు గుంపులుగా విడిపోతాయనుకుంటే అలా విడిపోలేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేకొద్దీ కొలత కొంచెం కొంచెంగా పెరుగుతూ పోయింది, ఇక్కడ గీత గీయొచ్చు అనే చోటు దొరకలేదు. జోడీ కట్టించి చూస్తే జోడీ కట్టాయి, పిల్లలు పుట్టాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుట్టాయి. డీఎన్‌ఏ అదే మాట చెప్పింది. 2015లో అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఆ మూడు పేర్లనూ డోర్సాలిస్‌లో కలిపేశారు. కారాంబోలే అనే ఇంకో దగ్గరి బంధువు మాత్రం పరీక్షలకు నిలిచి వేరే జాతిగానే ఉంది. అవయవ నిర్మాణం అబద్ధం చెప్పదు గానీ, ఒకచోటి నాలుగు ఈగలను కొలిచి మొత్తం ఖండానికి తీర్పు చెప్తే తీర్పు తప్పుతుంది.

ఇంతకన్నా కష్టమైన కేసు నున్న మార్కెట్ చెత్తకుప్ప మీదే ముసురుతోందని మాస్టారు గుర్తుచేశారు. ఆ బుల్లి డ్రోసోఫిలాల్లో మెలనోగాస్టర్, సిమ్యులాన్స్ అని రెండు జాతులున్నాయి. రెండింటి ఆడ ఈగలను పక్కపక్కన పెడితే నిపుణులే తడబడతారు. అమెరికాలో స్టర్టెవాంట్ 1919లో వాటిని విడదీశాడు. సంకరం చేస్తే గొడ్డు సంతానమే పుడుతుండటం చూసి అనుమానించి, మగవాటి పొట్ట చివర జననాంగం పక్కన ఉండే చిన్న పలకను చూశాడు. మెలనోగాస్టర్‌లో అది చిన్నగా కొక్కెం ఆకారంలో ఉంటుంది, సిమ్యులాన్స్‌లో వెడల్పుగా గుండ్రంగా ఉంటుంది. ఒంటి మీద ఇంకెక్కడా దొరకని తేడా అక్కడ దొరికింది. దగ్గరి జాతుల కీటకాల్లో జననాంగాలు మిగతా అవయవాల కన్నా వేగంగా మారతాయి. అందుకే కీటకాలను గుర్తించేవాళ్లు అనుమానం వస్తే ముందు పొట్ట చివర చూస్తారు.

అదే డ్రోసోఫిలా గుంపులో సుజుకీ అని ఒకటుంది. జపాన్ వైపు నుంచి బయల్దేరి 2008లో కాలిఫోర్నియా, స్పెయిన్, ఇటలీ తోటల్లో తేలింది. దాని ఆడ ఈగ సూదికి రంపపు పళ్లున్నాయి. పులిసిన పండు కోసం ఆగక చెట్టున ఉన్న చెర్రీ, స్ట్రాబెర్రీ తొక్కనే కోసి గుడ్లు పెడుతుంది. ఆ పళ్ల వరస వల్లే చెత్తకుప్ప ఈగ పంట చీడైంది.

సాయంత్రం స్టేషనుకు బయల్దేరుతుంటే మాస్టారు అన్నారు: "ఈ పని నేర్చుకునే పిల్లలు తగ్గిపోతున్నారు. మందు కొట్టడం అందరూ నేర్పుతారు, ఏ ఈగకు కొడుతున్నామో చూడటం ఎవరూ నేర్పడం లేదు." ఆయన అన్నదాంట్లో అతిశయోక్తి లేదు. ఆగిరిపల్లి కాకర పందిరికి కట్టిన తప్పు ఎర దానికి సాక్ష్యం. అక్కడ ఖర్చయింది డబ్బూ, పోయింది పంటా. దానికి విరుగుడు ఒక చిన్న భూతద్దం, వీపు మీద మూడో చార.

మామిడి తోట ఉన్నవాళ్లకు ఇంతే చెప్పదలుచుకున్నాను. రాలిన కాయను చెట్టు కింద వదలకండి. అందులోని పురుగు మట్టిలోకి దిగితే కొద్ది రోజుల్లోనే ఈగై లేస్తుంది. రాలు కాయలు ఏరి లోతుగా పాతిపెట్టండి, చెట్ల కింద నేల దున్ని కోశాలకు ఎండ తగలనివ్వండి. బుట్టలు కట్టేటప్పుడు పక్క తోటవాళ్లనూ కలుపుకోండి, ఎకరాకు నాలుగైదు చాలు. కాయ పుచ్చినప్పుడు ఇసుక పోసిన బకెట్టులో ఉంచి, వచ్చిన ఈగలకు పంచదార నీళ్లు పెట్టి నాలుగైదు రోజులు బతికించి, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి పేరు అడగండి. పేరు తెలిశాకే ఎర కొనండి.